చెబితే చాలదు.. చేరాలి!

‘తుపాను కబురు పంపించేశాం’ అంటారు అధికారులు. ‘మాకు అందలేదు’ అంటుంది కొండ మీది ఊరు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడక్కర్లేదు. పంపడానికీ చేరడానికీ మధ్య తూర్పు కనుమలున్నాయి మరి!

రాయగడ జిల్లా వాళ్లు 2017 జులై 16ను అంత తేలిగ్గా మరిచిపోరు. నాగావళి, కల్యాణి ఉప్పొంగాయి. తెరువలి, సింగపూర్ రోడ్డు స్టేషన్ల మధ్య రైలు వంతెన కొట్టుకుపోయింది. మరుసటి ఏడాది అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. పక్కనే ఉన్న గజపతి జిల్లా బరఘరలో వానకు తలదాచుకున్న వాళ్ల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. తీరంలో గండం గడిచినా కొండల్లో గడిచినట్టు కాదు.

2023లో ఫోన్లన్నీ ఒక్కసారి ఉలిక్కిపడేలా మోగాయి, గుర్తుందా? అది సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్ష. టవరు పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి హెచ్చరిక వెళుతుంది. మంచిదే. కానీ టవరే మూగబోతే? 2014లో హుద్‌హుద్ కొడితే విశాఖ అంతటి నగరానికే ఫోన్లు పలకలేదు. ఇక మన లోయల సంగతేమిటి? పైగా ఆ హెచ్చరిక ఎవరికి అందిందో పంపినవాళ్లకు తెలిసే దారి లేదు.

టవరుతో పని లేకుండా వైర్‌లెస్ సెట్లే ఒకదాన్నుంచి ఒకటి కబురు అందుకునే పద్ధతి ఉంది. మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్క్ అంటారు. ఇందులోనూ చిక్కుంది. విన్న ప్రతి సెట్టూ మళ్లీ అరిస్తే సంతలో గోలే, ఎవరికీ ఏదీ వినపడదు. పరిశోధకులు 1999లోనే దీనికి ‘బ్రాడ్‌కాస్ట్ తుపాను’ అని పేరు పెట్టారు. మందు కూడా కనిపెట్టారు. ఎంపిక చేసిన కొన్ని సెట్లే కబురు ముందుకు అందించాలి. ‘చేరింది’ అని బదులు రావాలి. రాకపోతే మళ్లీ పంపాలి.

ఇది మన కొండ ఊళ్లు ఎరగని విద్యేం కాదు. పెద్దల మాటను ఇంటింటికీ మోసే బారిక్ చేసేది ఇదే కదా! గడప దాకా వెళతాడు కాబట్టి ఎవరు విన్నారో, ఎవరు పోడు మీద ఉన్నారో అతనికి తెలుస్తుంది.

ఒడిశా ప్రభుత్వం 2018లో ఆరు తీర జిల్లాల్లో 122 చోట్ల సైరన్లు పెట్టింది. ఆ ఆరింటిలో కొరాపుట్, రాయగడ లేవు. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు మాత్రం రెడ్ అలర్ట్ జిల్లాల్లో ఈ రెండూ ఉన్నాయి! ముప్పులో వాటా ఉన్నప్పుడు హెచ్చరికలో ఉండొద్దా?

పంచాయతీకి ఇద్దరు ముగ్గురిని ఎంచుకోండి. బ్యాటరీతో నడిచే వైర్‌లెస్ సెట్లివ్వండి. కబురు ఒడియాతో పాటు తెలుగు, కువి, దేశియా భాషల్లోనూ చెప్పించండి. అన్నిటికీ మించి ఊరి నుంచి బదులు తెప్పించుకోండి. తుపాను రాత్రి కలెక్టరు బల్ల మీద ఉండాల్సింది పంపిన కబుర్ల లెక్క కాదు.. బదులు రాని ఊళ్ల జాబితా!