బండి మూతి ఎటు వైపు?

తృతీయ బి.యస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి

బండి పెట్టడం కూడా ఒక వ్యాసానికి విషయమేనా అని ఈ సంచిక తిరగేస్తున్న మిత్రులు ముఖం చిట్లించవచ్చు. కవితలున్నాయి, కథలున్నాయి, దేశభవిష్యత్తు గురించిన వ్యాసాలున్నాయి. మధ్యలో ఈ పార్కింగు గొడవేమిటి అనవచ్చు. గొడవ ఉంది కాబట్టే రాస్తున్నాను. దేశభవిష్యత్తు మన చేతిలో ఎంత ఉందో నాకు తెలియదు గానీ, బండి హ్యాండిలు మాత్రం మన చేతిలోనే ఉంది.

ప్రశ్న చిన్నదే. కారు గానీ, మోటారు సైకిలు గానీ చోటులో నిలిపేటప్పుడు దాని మూతి గోడవైపు ఉండాలా, దారివైపు ఉండాలా? మన కాలేజీలో నూటికి తొంభైమంది గోడవైపే పెడతారు. నేరుగా దూరిపోవడం, ఇంజను ఆపడం, క్లాసుకు పరుగెత్తడం. నా అభిప్రాయం దానికి వ్యతిరేకం. వచ్చినప్పుడే వెనక్కి తిప్పి పెట్టాలి. వెళ్ళేటప్పుడు కళ్ళముందు దారి చూసుకుంటూ నేరుగా పోవాలి.

ఎందుకో చెబుతాను. నేరుగా దూరినవాడికి రివర్సు గేరు పని తప్పిపోయిందా? లేదు. సాయంత్రానికి వాయిదా పడింది, అంతే. వచ్చినప్పుడో వెళ్ళేటప్పుడో ఒకసారి బండి వెనక్కి నడపక తప్పదు. కాబట్టి అసలు ప్రశ్న వెనక్కి నడపాలా వద్దా అన్నది కాదు. ఎటువైపుకు వెనక్కి నడపాలి అన్నది. వచ్చినప్పుడు వెనక్కి నడిపితే ఖాళీగా ఉన్న చోటులోకి నడుపుతాం. ఆ చోటును క్షణం కిందటే దాటుకుంటూ వచ్చాం, అందులో ఏముందో కళ్ళారా చూశాం, దాని వెనక గోడ ఉంది. వెళ్ళేటప్పుడు వెనక్కి నడిపితే మనుషులు నడిచే దారిలోకి నడుపుతాం. ఆ దారిని మనం ఆరుగంటలుగా చూడలేదు.

మన కాలేజీనే తీసుకోండి. పొద్దున వచ్చేవాళ్ళు ఒక్కొక్కరుగా, అరగంట ముప్పావుగంటపాటు వస్తుంటారు. సాయంత్రం అలా కాదు. గంట కొట్టగానే కట్ట తెగిన కాలువలాగా అందరూ ఒక్కసారే దారిమీద పడతారు. బస్సు తప్పిపోతుందని పరుగెత్తే డే స్కాలర్లు, భుజాలమీద చేతులేసుకుని దారంతా తమదే అన్నట్టు నడిచే హాస్టలు మిత్రులు, సైకిళ్ళు, సెల్‌ఫోన్‌లో తలదూర్చి నడిచేవాళ్ళు. సరిగ్గా ఆ ఐదు నిమిషాల్లోనే పదిహేను ఇరవై కార్లు ఒకేసారి ఆ జనంలోకి వెనక్కి వస్తాయి. తెలుగులో ఆలోచన లేనివాణ్ణి ‘వెనకా ముందూ చూడని మనిషి’ అంటాం. మన వాహనాల వరుసలో ముందు చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు, వెనక చూడ్డానికి వీలు లేదు.

సైన్సు విద్యార్థిని కాబట్టి ఒక చిన్న లెక్క చెబుతాను. కారు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తోందనుకుందాం. మనిషి నడిచే వేగమే అది. అంటే సెకనుకు 1.4 మీటర్లు. మనిషి ప్రమాదం గమనించి, కాలు తీసి బ్రేకుమీద వేసేటప్పటికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో బండి 1.4 మీటర్లు వచ్చేస్తుంది. బ్రేకు పట్టాక ఆగడానికి పట్టే దూరం దానికి అదనం. ఇదంతా డ్రైవరు ప్రమాదాన్ని గమనిస్తేనే. గమనించకపోతే లెక్కే లేదు.

గమనించడం ఎందుకు కష్టమంటే, కారు తయారైందే ముందుకు చూడ్డానికి. ముందు అద్దం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఉంటుంది. వెనక అద్దం చిన్నది. రెండు పక్కలా లావాటి స్తంభాలు, మధ్యలో సీట్లు, సీట్లలో కూర్చున్నవాళ్ళ తలలు. ఆ అద్దం అంచు కింద నడుము ఎత్తులో ఉన్నదేదీ కనబడదు. పసిపిల్ల ఎత్తు అంతే కదా! పైగా అటొక పెద్ద బండి, ఇటొక పెద్ద బండి ఉంటే, తోక పూర్తిగా దారిలోకి వచ్చేదాకా పక్కనుంచి ఎవరొస్తున్నారో తెలియదు. మూతి దారివైపుంటే డ్రైవరు మెడ తిప్పితే చాలు, కుడి ఎడమలు రెండూ కనబడతాయి. నడిచేవాడికి కూడా డ్రైవరు ముఖం కనబడుతుంది. ఒకరి కళ్ళు ఒకరు చూసుకుంటే సగం ప్రమాదం తప్పినట్టే.

“వెనక్కి పెట్టడం మాకు చేతకాదండీ” అనేవాళ్ళున్నారు. నిజానికి చక్రాల లెక్క చూస్తే ఇరుకు చోటులోకి వెనక్కి దూరడమే సులువు. కారులో తిరిగేవి ముందు చక్రాలు. వెనక చక్రాలు తిరగవు. మలుపులో రెండు ముందు చక్రాలూ వేర్వేరు కోణాల్లో తిరిగే ఏర్పాటుకు ఇంగ్లండులో 1818లో రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి మోటారు కార్లు లేవు, అది గుర్రపు బండ్ల కోసం. నేటికీ కార్ల స్టీరింగుకు మూలసూత్రం అదే. నేరుగా దూరితే తిరగని వెనక చక్రాలు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. అందుకే పక్కబండిని గీరడం, మళ్ళీ వెనక్కి తీయడం, మళ్ళీ దూరడం. వెనక్కి దూరితే తిరగని చక్రాలు ముందుగా చోటులో కుదురుకుంటాయి. తిరిగే మూతి బయటే ఉంటుంది కాబట్టి ఎటు కావాలంటే అటు సర్దుకోవచ్చు. నాలుగు రోజులు ఖాళీ మైదానంలో సాధన చేస్తే ఎవరికైనా వస్తుంది. ఆ మాటకొస్తే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ప్రకారం లైసెన్సు పరీక్షలోనే, కుడికో ఎడమకో ఉన్న ఇరుకు చోటులోకి బండిని అదుపుతో వెనక్కి నడిపి చూపించాలి. కనుక చేతకాదనడం అంత గొప్పగా చెప్పుకోవలసిన మాట కాదు.

నేను వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. మా వాళ్ళకు ఈ విషయం ఏ నియమావళీ చదవకుండానే తెలుసు. మా తాతగారి కాలంలో ధాన్యం బండి కళ్ళంలోకి రాగానే ముందు నొగలు దారివైపుకు తిప్పి, ఆ తర్వాతే బస్తాలెత్తేవారట. ఎడ్లకు రివర్సు గేరు లేదు కదా! ఇప్పుడు ఎడ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. ట్రక్కు తగిలించిన ట్రాక్టరును వెనక్కి నడపడం ఎంత తంటానో నడిపినవాళ్ళకే తెలుస్తుంది. ట్రక్కు ఎడమకు పోవాలంటే స్టీరింగు ముందు కుడికి తిప్పాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ట్రక్కు కత్తెరలాగా మడత పడుతుంది. అందుకే మా నాన్న ఎప్పుడూ అనే మాట ఒకటుంది: “ఖాళీగా ఉన్నప్పుడే మూతి తిప్పుకోరా.” బండి ఖాళీగా ఉంది, వెలుతురుంది, తొందర లేదు. అప్పుడు తిప్పుకుంటే రాత్రి బరువుతో, బురదలో, నిద్రకళ్ళతో తిప్పే అవస్థ ఉండదు.

ఈ మాట పెడచెవిన పెడితే ఏమవుతుందో కూడా మా ఊళ్ళో చూశాం. మూడేళ్ళ కిందట కోతల కాలంలో ఒక ట్రాక్టరు తొందరలో నేరుగా కళ్ళంలోకి దూరింది. చీకటి పడ్డాక నిండు బస్తాలతో వెనక్కి తీస్తుంటే, ట్రక్కు వెనక రాలిన గింజలు ఊడుస్తున్న కూలీ ఆమె డ్రైవరుకు కనబడలేదు. ఇంజను మోతలో ఆమె కేక వినబడలేదు. ప్రాణం దక్కింది గానీ కాలు దక్కలేదు. ఊళ్ళో అందరికంటే వేగంగా నాటు వేసే మనిషి ఈనాడు అరుగుమీద కూర్చుని పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటోంది. ఆ డ్రైవరు తాగి లేడు, దుర్మార్గుడూ కాదు. పొద్దున రెండు నిమిషాలు మిగుల్చుకున్నాడు. ఆ రెండు నిమిషాల ఖరీదు ఆమె కట్టింది.

ఇది మన పల్లెల్లోనే జరిగేది కాదు. అమెరికాలో 2002లో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ అనే రెండేళ్ళ పసివాడు సొంత ఇంటి ముందే, కన్నతండ్రి వెనక్కి నడుపుతున్న బండి కింద పడి చనిపోయాడు. ఆ పిల్లవాడి పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది. 2018 మే నుంచి అక్కడ తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక వైపు చూపే కెమెరా తప్పనిసరి అయింది. మన దేశంలో 2019 జూలై 1 నుంచి కొత్త కార్లకు రివర్సు పార్కింగు సెన్సార్లు తప్పనిసరి చేశారు. మంచిదే. కానీ అంతకు ముందు కొన్న కార్ల మాటేమిటి? ట్రక్కుల మాటేమిటి? కెమెరా ఉన్నా దానిమీద దుమ్మో వానచుక్కో పడితే అది గుడ్డిదే. చోటులోకి వెనక్కి వెళ్ళేటప్పుడు కూడా, పిల్లలు తిరిగే చోటైతే దిగి చూసి ఎక్కడమే పద్ధతి.

ఇక ఆక్షేపణలు. మొదటిది, వెనక్కి పెట్టేటప్పుడు మన వెనక వచ్చేవాళ్ళు ఆగాలి, టైము వృథా. ఆగేమాట నిజమే. కానీ సాయంత్రం జనం మధ్య అంగుళం అంగుళం వెనక్కి జరిగేటప్పుడు ఆగేవాళ్ళు అంతకంటే ఎక్కువ. రెండవది, డిక్కీలో సామాను పెట్టుకోవడం కష్టం. బజారులో అది సరైన మాటే. బియ్యం బస్తా వేసుకునే చోట డిక్కీ దారివైపు ఉండనివ్వండి. కాలేజీకి మనం తెచ్చేది పుస్తకాలు, అవి కూడా అందరూ తేవడం లేదు. మూడవది, పొగగొట్టం వెనకే ఉంటుంది కాబట్టి పొగ క్లాసు కిటికీల్లోకి పోతుంది. దీన్ని ఒప్పుకుంటాను. కిటికీ కింద అసలు బండ్ల వరుసే ఉండకూడదు. నాల్గవది, ఏటవాలుగా గీతలు గీసిన వన్‌వే వరుసల్లో వెనక్కి దూరడం కుదరదు. అదీ నిజమే, ఆ గీతలు నేరుగా దూరడానికే గీశారు.

అన్నిటికంటే బలమైన ఆక్షేపణ మా గదిలోని మిత్రుడొకడు చెప్పాడు: “మరి బస్‌స్టాండులో బస్సులు ప్లాట్‌ఫాం వైపు మూతి పెట్టి, వెనక్కే కదా వెళ్తాయి?” ఔను. అక్కడ మనుషులుండేది ప్లాట్‌ఫాం మీద. వెనకున్నది బస్సులు తిరిగే ఆవరణ. మనుషులున్న వైపు డ్రైవరు కళ్ళుంటాయి. అక్కడ కూడా పొరపాటుకు చోటుంది. 2023 నవంబరు 6న విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషనులో వెనక్కి వెళ్ళవలసిన బస్సు ముందుకు దూకి ప్లాట్‌ఫాం ఎక్కింది, ముగ్గురు చనిపోయారు. కాబట్టి అలాంటి చోట గట్టి అడ్డుకట్ట కూడా ఉండాలి. కానీ సూత్రం మారలేదు. మనుషులు లేని వైపుకే వెనక్కి నడపాలి. బస్‌స్టాండులో ఆ సూత్రం ఒక జవాబిస్తుంది, కాలేజీలో మరో జవాబిస్తుంది. ఫైర్ స్టేషనులో ఎర్రబండి ఎప్పుడూ రోడ్డువైపే చూస్తూ నిలబడి ఉంటుంది, గమనించారా? బయల్దేరేటప్పుడే తొందరని వాళ్ళకు తెలుసు. మనకూ తొందర సాయంత్రమే.

మనలో కార్లున్నవాళ్ళు తక్కువ, మోటారు సైకిళ్ళున్నవాళ్ళు ఎక్కువ కాబట్టి వాటి సంగతీ చెప్పాలి. వాటికి రివర్సు గేరే లేదు. రెండు కాళ్ళే గేరు. మన స్టాండు నేల గోడవైపుకు వాలుగా ఉంది. నేరుగా దించి పెట్టిన బండిని సాయంత్రం ఎగువకు లాగాలి. వాలు 5 డిగ్రీలనుకుంటే, 110 కిలోల బండి కిందికి లాగే బలం సుమారు 9.6 కిలోల బరువుకు సమానం. అది చాలదన్నట్టు ఇసుకలో కాళ్ళు జారుతాయి. ఒక బండి ఒరిగితే వరుస మొత్తం పేకముక్కల్లా పడిపోవడం మనం చూడనిదేం కాదు. చీరలో స్కూటీ లాగుతూ మన లేడీ లెక్చరర్లు పడే ఇబ్బంది చూస్తూ, ‘సాయం చేయమంటారా మేడమ్’ అని అడగడం మంచిదే. పొద్దున్నే బండిని వాలులోకి వెనక్కి వదిలితే ఆ అవసరమే ఉండదు. సాయంత్రం ఇంజనే ఎగువకు లాగుతుంది.

విద్యార్థి సంఘం వారికి, ప్రిన్సిపాల్ గారికి నా విన్నపాలు నాలుగే. గోడపక్క వరుసల్లో ‘మూతి దారివైపు’ అని సున్నంతో రాయించండి. బోర్డు కొనే డబ్బు కూడా అక్కర్లేదు. సాయంత్రం గంట కొట్టాక పది నిమిషాలపాటు ఏ కారూ వెనక్కి కదలకూడదని నియమం పెట్టండి. దారివైపు తిరిగి ఉన్నవాళ్ళు నెమ్మదిగా వెళ్ళవచ్చు. కాలేజీ బస్సు వెనక్కి జరిగేటప్పుడు క్లీనరు తప్పకుండా దిగి వెనక నిలబడి చెప్పాలి. వాలు స్టాండులో సిమెంటు చేయించండి. జరిమానాలు మాత్రం వద్దు. భయంతో పెట్టేవాడు వాచ్‌మన్ లేనిరోజు మళ్ళీ గోడకే మూతి పెడతాడు.

లెక్చరర్లు ముందుగా మొదలుపెడితే మేమూ నేర్చుకుంటాం. మేము ముందుగా మొదలుపెడితే వాళ్ళు కాదనరు. అప్పుడప్పుడు కాలేజీని చూడవచ్చే పూర్వ విద్యార్థులు కూడా వచ్చిన రోజు ఈ పద్ధతి పాటిస్తే చాలా సంతోషం. దీనికి ఖర్చు లేదు, తీర్మానం అక్కర్లేదు. పొద్దున ఒక్క నిమిషం ముందు బయల్దేరితే సరిపోతుంది. నా వాదనలో లోపముంటే మిత్రులు చెప్పండి, మార్చుకుంటాను. లేదంటే రేపు పొద్దున్నుంచే మొదలుపెడదాం.