ఎవ్రీవన్ అంటే ఎవరు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు పండక్కి ఊరెళ్తే ఏం జరుగుతుందో ఇది చదివేవాళ్ళలో సగం మందికి అనుభవమే. బ్యాగు కింద పెట్టీ పెట్టకముందే ఎవరో ఒకరు ప్రింటరు గురించో, ఫోన్లో ఫోటోలు పోయాయనో మొదలుపెడతారు. నేను రాసేది జావా, ప్రింటర్లకీ నాకూ చుట్టరికం లేదు అంటే ఎవరూ నమ్మరు. పైగా "చెయ్యడం ఇష్టంలేక అలా అంటున్నాడు" అనుకుంటారు.

2025 లో పోలాల అమావాస్య తర్వాత కొత్తమ్మతల్లి ఉత్సవాలకి కోటబొమ్మాళి వెళ్ళాను. ఊరంతా మైకులు, జనం. మా మావయ్య ఆ సందడిలోనే వచ్చి, "అల్లుడూ, ఆఫీసులోకి కొత్త కంప్యూటరు కొన్నాను. సర్వర్ ఓపెనవ్వట్లేదు. అప్పుడు నువ్వు ఏటో సేసినావు కదా పది నిమిషాల్లో... అదే మళ్ళీ సేసీ, అయిపోద్ది" అన్నాడు.

ఆ "ఏటో చేసినది" ఏమిటో చెప్పాలి. చెప్పుకోడానికి కొంచెం సిగ్గుగానే ఉంది.

మావయ్యది జీడిపిక్కల వ్యాపారం. ఉద్దానం రైతుల దగ్గర పిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకి వేస్తాడు. లెక్కలన్నీ ఒకప్పుడు పొడుగాటి ఖాతా పుస్తకాల్లోనే ఉండేవి. 2018 అక్టోబరు 11 న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరితోటలు ఎలా పడిపోయాయో అందరూ చూశారు. మావయ్య ఆఫీసులో పైరేకు లేచిపోయి, ఖాతా పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. అది జరిగాకే కంప్యూటర్లు కొన్నాడు. ఒక మామూలు డెస్క్‌టాప్ కి "సర్వర్" అని పేరు పెట్టి, టాలీ డేటా, ఎక్సెల్ షీట్లు అందులో పెట్టి, మిగతా మూడు కంప్యూటర్ల నుంచి వాడుకునేవారు. చిన్న ఊళ్ళలో ఆఫీసు సర్వర్ అంటే చాలావరకు ఇదే.

2020 లో లాక్‌డౌన్ అప్పుడు నేను ఇంటినుంచే పని చేస్తున్నాను. ఒకరోజు ఆ షేర్డ్ ఫోల్డరు తెరుచుకోవడం లేదన్నారు. యాక్సెస్ ఈజ్ డినైడ్. నాకేమో అరగంటలో మీటింగు. వెళ్ళాను, ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేశాను, ఎవ్రీవన్ కి ఫుల్ కంట్రోల్ ఇచ్చాను, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ తీసేశాను. నాలుగు కంప్యూటర్లలోనూ టకటకా తెరుచుకుంది. మావయ్య మురిసిపోయాడు. అత్త జీడిపప్పు ఉప్మా పెట్టింది. ఇంటికొచ్చి మీటింగులో కూర్చున్నాను.

ఇక్కడ నన్ను నేను తిట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. మా కంపెనీలో ఒక లాగ్ ఫోల్డరు చదవడానికి నాకు టికెట్ వెయ్యాలి, మేనేజర్ ఒప్పుకోవాలి, రెండ్రోజులు ఆగాలి. నేను విసుక్కుంటాను గానీ అదెందుకో నాకు తెలుసు. కానీ మా మావయ్య ఆఫీసు దగ్గరకొచ్చేసరికి, తెలిసినదంతా గుమ్మం బయట వదిలేశాను. "చిన్న ఆఫీసే కదా, అయిదుగురే కదా, అందరూ నమ్మకస్తులే కదా" అని. మనలో చాలామందిమి చేసేది ఇదే. ఇంట్లోవాళ్ళకి చేసే పని పని కింద లెక్క కాదు మనకి.

2022 లో, సీజన్ నడుస్తుండగా మావయ్య ఫోను. రైతులకిచ్చిన అడ్వాన్సుల లెక్కలున్న ఫోల్డరు కనిపించడం లేదు. ఏ ఊళ్ళో ఎవరికి ఎంత ఇచ్చాడు, ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని రావాలి, అన్నీ అందులోనే. నాకు ఆరోజు రిలీజు. "రీసైకిల్ బిన్ లో చూడు మావయ్యా" అన్నాను. చూశాడు, లేదు. "అయితే ఎవరో పూర్తిగా డిలీట్ చేసేసుంటారు" అనేశాను.

ఆ ఒక్క ముక్కలో రెండు తప్పులున్నాయి. నెట్‌వర్క్ లో ఇంకో కంప్యూటరు నుంచి చెరిపిన ఫైలు సర్వర్ రీసైకిల్ బిన్ లోకి రాదు, నేరుగా పోతుంది. కాబట్టి అందులో చూడమనడమే దండగ. ఇక అందులో లేకపోతే "ఎవరో కావాలని చేశారు" అనే అర్థం వచ్చేలా మాట్లాడటం రెండోది. నేనన్నది టెక్నికల్ గా అన్నాను. వాళ్ళకి వినిపించింది వేరు.

ఆ ఆఫీసులో ఎక్కువగా కంప్యూటరు ముందు కూర్చునేది ఒక అక్క. డిగ్రీ చదివింది, భర్త గల్ఫ్ లో ఉంటాడు, ఎప్పటినుంచో అక్కడే పని. అడ్వాన్సుల షీటు ఆవిడే రాసేది. సుమారు రెండు లక్షల అడ్వాన్సు లెక్క తేలలేదు. ఎవరు చెరిపారో చెప్పే దారి లేదు, ఎందుకంటే నేను పెట్టిన ఏర్పాటులో అందరూ గెస్టులే. కాబట్టి మావయ్యకి ఎవరి మీద అనుమానం రావాలో వాళ్ళ మీదే వచ్చింది. ఆవిణ్ణి పనిలోంచి తియ్యలేదు గానీ, కంప్యూటరు దగ్గర్నుంచి లేపి గోడౌన్ లో 80 కిలోల బస్తాలకి తూకం చీటీలు రాసే పనిలో పెట్టాడు. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

సరే, 2025 కి వద్దాం. కొత్త కంప్యూటరు విండోస్ 11 ప్రో, 24హెచ్2 వెర్షన్. పాత మూడింటి నుంచి ఫోల్డరు తెరుచుకుంటోంది, దీన్నుంచి మాత్రం లేదు. ఈసారి బుద్ధిగా, ఏ తలుపు దగ్గర ఆగిపోతోందో చూద్దామని కూర్చున్నాను. పింగ్ వెళ్తోంది, అంటే వైరు బాగానే ఉంది. పేరుకి బదులు ఐపీ అడ్రసు కొట్టినా అదే గొడవ, అంటే పేరు వెతకడంలో లోపం లేదు. ఫైల్ షేరింగ్ నడిచే 445 పోర్టుకి కనెక్షన్ అందుతోంది, అంటే ఫైర్‌వాల్ కాదు. అప్పుడు ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదివాను (మనం చెయ్యాల్సిన మొదటి పని, ఎప్పుడూ ఆఖర్న చేసేది). ఎవరో తెలియని గెస్టుగా లోపలికి వెళ్ళడాన్ని భద్రతా విధానం అడ్డుకుంటోందని అందులోనే శుభ్రంగా రాసుంది.

విషయమేమిటంటే, గెస్టు లాగిన్ ని విండోస్ 10 ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ ఎడిషన్లలో 2017 లోనే ఆపేశారు. ప్రో ఎడిషన్ కి 2024 లో వచ్చిన 24హెచ్2 తో ఆపారు. పైగా వచ్చేపోయే ప్రతి ప్యాకెట్టు మీదా సంతకం ఉండాలన్నారు. పాస్‌వర్డే లేని గెస్టు సంతకం ఎలా పెడతాడు? అంటే కొత్త కంప్యూటరు చెడిపోలేదు. నేను 2020 లో చేసిన పనిని అది ఒప్పుకోవడం లేదు, అంతే.

దీనికి ఇంటర్నెట్ లో దొరికే వైద్యం రెండు లైన్ల పవర్‌షెల్ ఆదేశం. గెస్టుని రానివ్వు, సంతకం అక్కర్లేదు అని చెప్పేస్తే సరి. వీడియోలు కోకొల్లలు. కింద జనం దండాలు పెడుతుంటారు. ఇంకాస్త పాత స్కానరో, పాత స్టోరేజ్ పెట్టెయో ఉంటే "ఎస్‌ఎంబీ వన్ ఆన్ చెయ్యండి" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. 2017 మే 12 న వానాక్రై వచ్చింది ఆ పాత ప్రోటోకాల్ లో ఉన్న లోపంలోంచే. దానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14 నే ప్యాచ్ ఇచ్చింది. అంతకుముందే, 2016 లో, ఆ విభాగంలో పనిచేసిన నెడ్ పైల్ అసలు దాన్ని వాడటమే మానెయ్యండని మొత్తుకున్నాడు. వినని వాళ్ళ లిస్టులో మనమూ ఉన్నాం. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకి అది సోకిందని, చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు మన శ్రీకాకుళం జిల్లా పేరు కూడా అప్పుడు వార్తల్లో వచ్చింది. తెర మీద 300 డాలర్ల బిట్‌కాయిన్ కట్టమని ఎర్ర బోర్డు. నేను అప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో అందరం అదేదో సినిమా చూసినట్టు చూశాం.

వానాక్రైకి పర్మిషన్లతో పని లేదు, లోపంలోంచి దూరిపోయింది. కానీ తర్వాత వచ్చిన మామూలు రాన్సమ్‌వేర్ అలా కాదు. ఒక కంప్యూటర్లో ఎవరో ఏదో అటాచ్‌మెంట్ తెరిస్తే, ఆ మనిషికి రాసే హక్కున్న ప్రతి షేర్డ్ ఫోల్డరునీ నమిలేస్తుంది. ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ అంటే దానికి విస్తరి వేసి పిలవడమే.

మావయ్యకి ఇదంతా చెప్పి, "అదే మళ్ళీ చెయ్యను, పేర్లు పెడతాను" అన్నాను. "ఇంట్లో మనుషులకి పేర్లేటిరా, మనోళ్ళని నమ్మమా ఏటి?" అన్నాడు. అక్కడే నా వాదన అంతా ఉంది. ఎవరి లాగిన్ వాళ్ళకి ఉండాలనడం వాళ్ళ మీద నమ్మకం లేక కాదు. ఏదైనా పోయిన రోజున, చెయ్యని మనిషికి "నేను కాదు" అని చెప్పుకునే ఆధారం ఉండాలి కదా? అందరికీ తాళంచెవి ఇచ్చిన ఇంట్లో దొంగతనం జరిగితే యజమాని మీద అనుమానం రాదు. జీతం తక్కువున్న మనిషి మీదే వస్తుంది. సర్వర్లో ఎవ్రీవన్ అని రాసినప్పుడు ఆ మాట మనకి తట్టదు.

సాయంత్రం నాలుగుకి మొదలుపెడితే ఏడున్నర అయింది. అయిదుగురికి అయిదు అకౌంట్లు పెట్టాను. గెస్టు తీసేశాను. షేర్ మీద ఒక తాళం, లోపల ఫోల్డరు మీద ఇంకో తాళం ఉంటాయి కదా, నెట్‌వర్క్ లోంచి వచ్చేవాడికి ఆ రెంటిలో ఏది తక్కువ ఇస్తే అదే దక్కుతుంది. షేర్ దగ్గర కాస్త వదులుగా పెట్టి, ఎవరికి ఏమిటన్నది ఫోల్డర్ల దగ్గర తేల్చాను. కూలి లెక్కలు ఇద్దరికి, బ్యాంకు కాగితాలు మావయ్యకి, కొనుగోళ్ళు ముగ్గురికి. ఎవరికి ఏది అన్నది నేను చెప్పలేదు, మావయ్యనే ఒక్కొక్కటీ అడిగాను. వ్యాపారం ఆయనది, ఆ నిర్ణయం మనం క్లిక్కుతో తీసుకునేది కాదు. ఆయన మొదట విసుక్కున్నా, మూడో ఫోల్డరు దగ్గరకొచ్చేసరికి ఆలోచించి చెప్పడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక పాత కంప్యూటర్లో 1219 ఎర్రర్ వచ్చింది. పాత గెస్టు కనెక్షన్ ఇంకా వేలాడుతుంటే కొత్త పేరుతో రానివ్వదు. నెట్ యూజ్ తో దాన్ని తెంపేస్తే దారిలోకొచ్చింది.

అంతా అయ్యాక కూడా కొన్ని ఫైళ్ళు తెరుచుకోవు. పక్కపక్కనే ఉన్న రెండింటిలో ఒకటి వస్తుంది, ఇంకోటి రాదు. ఇది పాత జబ్బే. అదే డ్రైవులో ఫైలుని కాపీ చేస్తే కొత్త ఫోల్డరు పర్మిషన్లు తీసుకుంటుంది, కట్ చేసి మూవ్ చేస్తే పుట్టింటి పర్మిషన్లే మోసుకొస్తుంది. అలా మూవ్ అయినవి ఎక్కడెక్కడున్నాయో వెతుక్కుంటూ వెళ్తే, స్కాన్లు అనే ఫోల్డర్లో, రైతుల ఆధార్ కాపీల కింద, "2022" అని ఒకటి కనిపించింది. ఆ సర్వర్లో 2022 పేరుతో పదో పన్నెండో ఫోల్డర్లున్నాయి, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. తెరిచి చూస్తే అడ్వాన్సుల షీట్లు. అన్నీ ఉన్నాయి.

ఎవరో మౌస్ తో పట్టుకుని పొరపాటున పక్క ఫోల్డర్లో పడేశారు. ఎవరో ఇప్పటికీ తెలీదు. ఫైళ్ళ ఓనర్ ఎవరని చూస్తే అన్నిటికీ గెస్ట్ అనే ఉంది. అది మావయ్య చెయ్యి కూడా కావచ్చు.

మావయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గోడౌన్ కి ఫోన్ చేసి ఆ అక్కని రమ్మన్నాడు. ఆవిడ వచ్చి, తెర వైపు చూసి, ఒక్కో వరుసా చదువుకుంది. "ఇది నేను రాసిందే" అంది. మావయ్య "సోమవారం నుంచి ఇక్కడే కూర్చో అమ్మా" అన్నాడు. క్షమించమని ఆ తరం వాళ్ళ నోట రాదు. నేనే చెప్పాను, అప్పుడు ఫోన్లో అలా అన్నది నేనేనని. "మూడేళ్ళు అయిపోయినాయి కదా తమ్ముడూ" అంది. ఆ మాటని ఎలా తీసుకోవాలో నాకింకా తెలీలేదు. ఆ సాయంత్రమే ఒక బయటి హార్డ్‌డిస్కు కొని వారానికోసారి బ్యాకప్ తీసి, తీశాక వైరు పీకి బీరువాలో పెట్టమని ఆవిడకే నేర్పాను.

ఆ సర్వర్లో ఉన్నది ఇంకా విండోస్ 10. దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14 తో అయిపోయింది, మార్పించాలి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూస్తానన్నాను.

బయల్దేరే రోజు ఆఫీసుకెళ్తే, అక్క తన పాస్‌వర్డ్ మార్చేసుకుని ఎవరికీ చెప్పలేదట. మావయ్య మాత్రం తనది కాగితం మీద పెద్దక్షరాలతో రాసి మానిటర్ కి అంటించుకున్నాడు. పలాస రైలుకి టైమైపోతోంది. ఆ కాగితం పీకి జేబులో పెట్టుకుని వచ్చేశాను :)