చేయి తిరిగితే చాలదు

తెల్లపావులతో ఆడుతున్న గ్రాండ్‌మాస్టర్ పద్నాలుగో ఎత్తు దగ్గర ఆగాడు. బోర్డు నడుమ డి వరుస ఖాళీ అయింది, అక్కడికి ఏనుగును తేవాలి. ఏ1లో ఉన్నదా, ఎఫ్1లో ఉన్నదా? ఏది తెచ్చినా కొంప మునిగేదేం లేదు. కంప్యూటర్‌ను అడిగితే రెండింటికీ తేడా పిసరంత కూడా చూపదు. అయినా అతను ఒకదాని మీద మౌస్ పెట్టాడు, తీశాడు, రెండోదాని మీదికి పోయాడు, మళ్లీ మొదటిదానికే వచ్చాడు. 26 సెకన్లు పోయాయి. నలభై ఒకటో ఎత్తు దగ్గర, చెరో ఏనుగూ మూడేసి బంట్లూ మిగిలాక, నిజంగా లెక్క తేల్చాల్సిన ఘట్టం వచ్చింది. అప్పటికి గడియారంలో ఉన్నవి 4 సెకన్లు. రాజును తప్పు గడిలోకి నడిపాడు, ఓడాడు, వెంటనే రీమ్యాచ్ నొక్కాడు.

ఇది ఫలానా వారి గేమ్ అని కాదు. ఆన్‌లైన్‌లో 3 నిమిషాల బ్లిట్జ్ ఆడే గ్రాండ్‌మాస్టర్ల పాత గేములు తిరగేస్తే ఇలాంటివి గంపెడు దొరుకుతాయి. విచిత్రం ఏమిటంటే, ఓటమికి చెప్పుకునే కారణం మాత్రం ఎప్పుడూ ఒకటే: చేయి ఆడటం లేదు, ఇంకా ఆడాలి. బ్లిట్జ్ బాగుపడాలంటే బ్లిట్జే ఆడాలన్నది చెస్ లోకంలో దాదాపు వేదవాక్కు. రోజుకు యాభై గేములు, వారానికో ఆన్‌లైన్ టోర్నమెంటు, మంచి మౌసు, గట్టి ఇంటర్నెట్. దీనికి తోకగా మరో మాట కూడా ఉంది. ముప్పై దాటితే ఇక లాభం లేదట, బ్లిట్జ్ కుర్రాళ్ల ఆటట. తెలుగులో 'చేయి తిరగాలి' అనే నుడికారం ఉండనే ఉంది కనుక ఈ వాదన మన చెవికి ఇట్టే ఎక్కుతుంది. దోసె పోయడంలో, మిషన్ కుట్టడంలో, సందులో కారు తిప్పడంలో అది నిజం కూడా. 3 నిమిషాల చదరంగంలో మాత్రం కాదు.

ముందు లెక్క చూడాలి. అదనపు సెకన్లు లేని 3 నిమిషాల గేములో ఉన్నవి 180 సెకన్లు. ఆట 60 ఎత్తులు సాగితే ఒక్కో ఎత్తుకు సగటున 3 సెకన్లు వస్తాయి. పావును లాగి వదలడానికి పట్టేది సెకనులో ఓ ముక్క. చేతివేగం ఎంత పెంచుకున్నా మిగిలేది ఆ ముక్కలో ముక్కే. ఏ ఏనుగు అని తేల్చుకోలేక తగలేసిన 26 సెకన్లు దాదాపు తొమ్మిది ఎత్తుల కూలి. డబ్బు పోతున్నది పెద్దనోట్లలో అయితే, చేతివేగం పెంచుకోమనే వైద్యం చిల్లర ఏరుకోమంటోంది.

చేతికి ఎంత వాటా ఉందో తేల్చడానికి పరిశోధన కూడా అక్కరకొస్తుంది. 2004లో బ్రూస్ బర్న్స్ అనే మనస్తత్వవేత్త ఆటగాళ్ల బ్లిట్జ్ ఫలితాలను వారి మామూలు రేటింగులతో పోల్చి చూశాడు. సాధారణ ఆటలో దొరికే సమయంలో 5 శాతం కూడా లేని బ్లిట్జ్‌లో ఎలా ఆడతారన్నది తెలిస్తే, వారి చెస్ సామర్థ్యంలోని తేడాల్లో 81 శాతం దాకా అందులోనే తెలిసిపోతోందని తేల్చాడు. అంటే నెమ్మది ఆటా వేగం ఆటా చాలా మటుకు ఒకే ఊట నుంచి వస్తున్నాయి. ఆ ఊట ఏమిటో 1973 నాటికే విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చూపించారు. నిజమైన గేములోని స్థితిని 5 సెకన్లు చూపి బోర్డు మూసేస్తే మాస్టర్ కొత్తవాడి కంటే ఎంతో ఎక్కువగా తిరిగి పేర్చాడు. పావుల్ని అడ్డదిడ్డంగా చల్లి చూపిస్తే కొత్తవాడికీ అతనికీ పెద్దగా తేడా లేకపోయింది. మాస్టర్ కన్ను విడివిడి పావుల్ని కాక, ఎరిగిన గుంపుల్ని చూస్తుంది. బ్లిట్జ్‌లో అక్కరకొచ్చేది ఆ ఎరుకే.

మరి ఆ ఎరుక ఎక్కడ పెరుగుతుంది? 2005లో నీల్ చార్నెస్ బృందం ప్రచురించిన అధ్యయనం దీనికి బాగా దగ్గరగా వెళ్లింది. గంభీరంగా ఆడటం మొదలుపెట్టిన తొలి పదేళ్లలో గ్రాండ్‌మాస్టర్లు ఒంటరిగా కూర్చుని చేసిన సాధన సుమారు 5,000 గంటలు. మధ్యస్థాయి ఆటగాళ్లు చెప్పుకున్నదానికి దాదాపు అయిదు రెట్లు. ఆడిన టోర్నమెంట్ల కంటే ఈ ఒంటరి గంటలే రేటింగును బాగా పట్టిచ్చాయి. ఇది బ్లిట్జ్ గురించి చేసిన అధ్యయనం కాదు, నిజమే. కానీ రెండూ ఒకే ఊట అని ఒప్పుకున్నాక, నీళ్లు ఎక్కడినుంచి తోడాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ వేమననూ సాక్ష్యానికి పిలుస్తారు, అనగ ననగ రాగం కుదరదా అని. కుదురుతుంది, పాడేవాడు తన గొంతు తాను వింటుంటే.

అమెరికన్ చెస్ దిగ్గజం బాబీ ఫిషర్ వినేవాడు. 1970లో, నేటి మాంటెనీగ్రోలోని హెర్సెగ్ నోవిలో జరిగిన బ్లిట్జ్ పోటీకి టాల్, కోర్చ్‌నోయ్, పెట్రోసియన్, స్మిస్లోవ్ వంటి సోవియట్ దిగ్గజాలు వచ్చారు. ఫిషర్ అంతకు ముందు ఏడాదిన్నర దాదాపుగా టోర్నమెంట్లకు దూరంగా ఉన్నాడు. సోవియట్ మేధావులు అతన్ని నంజుకు తింటారనుకున్నారు. 22 గేముల్లో అతను 19 పాయింట్లు తెచ్చుకున్నాడు. రెండోస్థానంలో నిలిచిన టాల్‌కు వచ్చినవి 14.5. అసలు ముచ్చట ఆ తర్వాతిది. పోటీ ముగిశాక ఫిషర్ తాను ఆడిన 22 గేములనూ మొదటి ఎత్తు నుంచి చివరి దాకా జ్ఞాపకం నుంచి అప్పజెప్పాడని ఆనాటి కథనాలు చెబుతాయి. ఇవాళ ఒక్క రాత్రిలో యాభై గేములు ఆడినవాడిని మర్నాడు పొద్దున లేపి, నిన్న ఏడో గేములో ఎక్కడ ఓడావని అడిగి చూడాలి. గానుగెద్దును దారి అడిగినట్టే.

వయసు వాదనకు జవాబు మన గడప దగ్గరే ఉంది. 2022 డిసెంబరులో అల్మాటీలో ప్రపంచ మహిళల బ్లిట్జ్ జరిగింది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి అప్పటికి 35 ఏళ్లు, ఇంట్లో అయిదేళ్ల కూతురు. మొదటిరోజు ఆమె పట్టికలో ఎక్కడో వెనక చిక్కుకుపోయింది. రెండోరోజు ఎనిమిది గేముల్లో ఏడు గెలిచి, 17కి 12.5 పాయింట్లతో రజతం పట్టుకుపోయింది. రాత్రికి రాత్రి చేతివేగం పెరగదు. పెరిగిందేమిటో హంపికే తెలియాలి. మధ్యలో ఒక నిద్ర ఉందన్నది మాత్రం అందరికీ తెలుసు. రీమ్యాచ్ బటన్ ఇవ్వనిది అదే.

గుకేశ్ ఉదాహరణ ఇంకా ముచ్చటైంది. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టి, 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన ఈ కుర్రాడు 2025 జూలైలో జాగ్రెబ్‌లో జరిగిన ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలో ర్యాపిడ్ విభాగాన్ని 18కి 14 పాయింట్లతో గెలిచాడు, మధ్యలో నార్వే గ్రాండ్‌మాస్టర్ కార్ల్‌సన్‌ను ఓడించాడు. బ్లిట్జ్ మొదలయ్యేసరికి జారి చివరికి మొత్తం మీద మూడోస్థానానికి దిగాడు. టైటిల్ ఎవరికి పోయింది? 34 ఏళ్ల కార్ల్‌సన్‌కు. కుర్రచేతులే గెలిపించేటట్లయితే 19 ఏళ్ల చేతులు ఎందుకు ఓడాయి? అదే కార్ల్‌సన్ 35 నిండాక, 2025 డిసెంబరులో దోహాలో తొమ్మిదోసారి ప్రపంచ బ్లిట్జ్ ఛాంపియన్ అయ్యాడు. ఆ పోటీలో కాంస్యం తెచ్చుకున్న వరంగల్ అబ్బాయి అర్జున్ ఎరిగైసి, ఏడాది ముందు నెమ్మది ఆటలో 2801 రేటింగ్ అందుకున్నవాడే. కొత్తగా చేతులు మార్చుకుని దోహా వెళ్లలేదు.

అవతలి పక్షం మాట కూడా వినాలి. అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ నకమురా వేలకు వేలు ఆన్‌లైన్ గేములు ఆడలేదా? మన గ్రాండ్‌మాస్టర్ నిహాల్ సరీన్ ఆన్‌లైన్ బ్లిట్జ్‌తోనే కదా పేరు తెచ్చుకుంది? ఆడారు, తెచ్చుకున్నారు. కానీ నకమురా 2015లో నెమ్మది ఆటలో 2816 రేటింగ్ చూసినవాడు. ఆ పునాది మీద లేచిన అంతస్తును చూపి పునాది అక్కర్లేదనడం ఏం న్యాయం? డానియల్ నరొడిట్‌స్కీ సంగతి మరీ స్పష్టం. 2025 అక్టోబరులో 29 ఏళ్లకే కన్నుమూసిన ఈ అమెరికన్ గ్రాండ్‌మాస్టర్, దానికి రెండు నెలల ముందే అమెరికా జాతీయ బ్లిట్జ్‌లో 14కు 14 గెలిచాడు. లెక్కలేనన్ని ఆన్‌లైన్ గేములు ఆడాడు, ఔను. ఆడుతూ ప్రతి ఎత్తుకూ కారణం బయటికి చెప్పేవాడు, ఆట అయ్యాక మళ్లీ మొదటినుంచి విప్పి చూపేవాడు. పద్నాలుగేళ్లకే పుస్తకం రాశాడు, పత్రికలో ఎండ్‌గేమ్ శీర్షిక నడిపాడు. అతని దగ్గర అందరూ నేర్చుకున్నది గేముల సంఖ్య ఒక్కటే అయితే తప్పు అతనిది కాదు.

ఇంతకీ గ్రాండ్‌మాస్టర్ సెకన్లు ఎక్కడ కారిపోతున్నాయి? ఇది ఊహించే పని లేదు. ఆన్‌లైన్ గేమును దింపుకుంటే ప్రతి ఎత్తు పక్కనా ఆ క్షణానికి గడియారం ఎంత చూపిందో రాసే ఉంటుంది. ఓడిన గేములు ఓ నలభై తీసుకుని, 15 సెకన్లు దాటిన ప్రతి ఎత్తు కిందా గీత గీసి, ఎందుకు ఆగానని పక్కన ఒక్క మాట రాసుకుంటే చాలు. ఒక సాయంత్రం పని. కొన్ని గీతలు నిజమైన లెక్కల దగ్గర పడతాయి. వాటి జోలికి పోకూడదు, సమయం ఉన్నదే వాటికోసం. కొన్ని ఓపెనింగ్ మరిచిపోయిన చోట పడతాయి. ఏ ఏనుగు లాంటి, ఏదైనా ఒకటే అయిన చోట్ల ఇంకొన్ని. అన్నిటికంటే తెలివైన ఆటగాళ్లను దెబ్బతీసేది నాలుగో రకం: ఎత్తు మొదటి సెకనులోనే కనబడింది, మిగతా ఇరవై సెకన్లూ అది నిజమా కాదా అని తడుముకోవడంలో పోయాయి.

ఈ తడుముడు చెడ్డ అలవాటుగా రాలేదు. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ కోటోవ్ 'థింక్ లైక్ ఎ గ్రాండ్‌మాస్టర్' పుస్తకంలో, బ్లూమెన్‌ఫెల్డ్ అనే పాత రష్యన్ మాస్టర్ చెప్పిన పద్ధతిని సిఫారసు చేశాడు: ఎత్తు తేల్చుకున్నాక వెంటనే వేయకుండా ముందు కాగితం మీద రాసి, కొత్తవాడి కళ్లతో బోర్డును ఇంకోసారి చూడాలి. తరాలకు తరాలు దీని మీదే పెరిగాయి. అయిదు గంటల ఆటలో ఈ రెండో చూపు ప్రాణం కాపాడుతుంది. 3 నిమిషాల ఆటలో ఇదే ప్రాణం తీస్తుంది. వెయ్యి బ్లిట్జ్ గేములు ఆడినా పోదు, ఎందుకంటే ప్రతి గేములోనూ దాన్ని ఇంకోసారి సాధన చేస్తున్నట్టే. పోవాలంటే విడిగా కూర్చుని, వరసగా స్థితులు పెట్టుకుని, మొదట కనబడ్డ ఎత్తు 5 సెకన్లలో వేసేయడం, తర్వాత తీరిగ్గా సరిచూసుకోవడం చేయాలి. తన మొదటి చూపు ఏ రకం స్థితుల్లో నమ్మదగ్గదో, ఎక్కడ మోసం చేస్తుందో అప్పుడు తెలుస్తుంది. రాజు మీద దాడుల్లో నమ్మొచ్చు, ఏనుగుల ఎండ్‌గేముల్లో నమ్మకూడదు అని తేలిందనుకుంటే, సెకన్లు ఎక్కడ దాచి ఎక్కడ ఖర్చు పెట్టాలో కూడా తేలినట్టే.

ప్రీమూవ్ (ప్రత్యర్థి ఆడకముందే మన ఎత్తు సిద్ధం చేసి పెట్టడం) వంటి చిట్కాలు ఉన్నాయి, తెలుసుకోవాలి కూడా. చెస్.కామ్‌లో ఒక్కో ప్రీమూవ్‌కు సెకనులో పదోవంతు కోత పడుతుంది, లీచెస్‌లో అదీ లేదు. ఇవి ఒక పూటలో వస్తాయి. వీటికి యాభై వేల గేములు అక్కర్లేదు.

టైటిల్ ఉన్న ఆటగాళ్లకు చెస్.కామ్ నడిపే మంగళవారం బ్లిట్జ్ పోటీ టైటిల్డ్ ట్యూస్‌డే కొన్నేళ్లపాటు ఒకే రోజు రెండు విడతలుగా నడిచింది, ఒక్కోటి పదకొండు రౌండ్లు. మొదటిది మనకు రాత్రి పూట మొదలయ్యేది. రెండోది అర్ధరాత్రి బాగా దాటాక. మొదట్లో చూసిన గ్రాండ్‌మాస్టర్‌ను అలాంటి మంగళవారం రాత్రి ఊహించుకోవచ్చు. మొదటి విడత చెడింది, చేయి తిరగలేదు కాబట్టి రెండోదీ ఆడాలనుకున్నాడు. మధ్యలో ఖాళీగా ఎందుకని ఇరవై గేములు ఆడాడు. తెల్లవారుజామున, తొమ్మిదో రౌండులో, డి వరుస మళ్లీ ఖాళీ అయింది. మౌస్ ఏ1 దగ్గరికి పోయింది, ఎఫ్1 దగ్గరికి వచ్చింది. ఈసారి 31 సెకన్లు.