సీసా ఒక్కటే.. పెగ్గులు నాలుగు

దసరాకు హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కొడుకులు గోదావరిఖనికి వచ్చారంటే ఈమధ్య దావత్‌లలో కొత్త ముచ్చట నడుస్తోంది. ఇందిరానగర్ టాయిట్‌లో ఏ బీరు బాగుంటుంది, జూబ్లీహిల్స్‌లో ఏ బ్రూవరీ మేలు, గోధుమ బీరు రుచా లేక చేదెక్కువుండే ఐపీఏనా.. ఇలా సాగుతుంది. పక్కన కూర్చున్న బాపుకు తెలిసిన రకాలు రెండే, లైటు, స్ట్రాంగు. ‘మన సీసల లేంది అండ్ల ఏముంటదిరా?’ అని ఆయన అడిగితే, కొడుకు చెప్పే జవాబు దాదాపు ఏ ఇంట్లోనైనా ఒకటే. ‘అది ఫ్రెష్ బాపూ, కెమికల్స్ ఉండవు, ఆరోగ్యానికి మంచిది.’

రుచి మీద నాకు పేచీ లేదు. ఆ చివరి మాట మీదే.

తెలంగాణలో మైక్రోబ్రూవరీలకు 2015లో నిబంధనలు వచ్చాయి. అక్కడ చిన్న ట్యాంకుల్లో బీరు కాచి, అక్కడే గ్లాసుల్లో పోస్తారు. బార్లీ మాల్ట్, హాప్స్, ఈస్ట్, నీళ్లు. బెల్జియం పద్ధతి గోధుమ బీరైతే నారింజ తొక్క, ధనియాలు కూడా వేస్తారు. చాలావరకు వడకట్టరు కాబట్టి కొద్దిగా ఈస్ట్ మిగులుతుంది, దాంతోపాటు కాస్త బి విటమిన్. ఆ కాస్త విటమిన్ కోసం బీరు తాగడమంటే ఉప్పు కోసం ఆవకాయ జాడీ ఖాళీ చేయడమే. మాల్ట్‌లోని చక్కెరను ఈస్ట్ తిన్నప్పుడు తయారయ్యేది ఇథైల్ ఆల్కహాల్. పెద్ద ఫ్యాక్టరీలోనైనా, జూబ్లీహిల్స్‌లోని రాగి ట్యాంకులోనైనా అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్.. వీటన్నిటితో దానికి సంబంధం ఉంది. ఆరోగ్యానికి ఏ ఇబ్బందీ లేని మోతాదు అంటూ మద్యానికి లేదని ఆ ఆరోగ్య సంస్థే 2023 జనవరిలో మళ్లీ చెప్పింది. తాజా బీరుకేమీ మినహాయింపు ఇవ్వలేదు.

అయితే ఈ క్రాఫ్ట్ బీరు ప్రియుల దగ్గర ఒక మంచి అలవాటుంది. గ్లాసు తీసుకునే ముందు ఇందులో ఆల్కహాల్ ఎంత శాతం అని అడుగుతారు. బాపుల తరంలో ఆ ప్రశ్నే లేదు. ఎన్ని సీసాలని లెక్క, అంతే.

మన బొగ్గుబాయి ఇళ్లకు ఈ లెక్కే అసలైనది. దేశంలో ఆహార భద్రత సంస్థ ప్రమాణాల ప్రకారం 5 శాతం వరకు ఆల్కహాల్ ఉంటే మామూలు బీరు, ఆ పైన 8 శాతం దాకా స్ట్రాంగ్ బీరు. మన దగ్గర సీసా అంటే 650 మిల్లీలీటర్లు. 8 శాతం సీసాలో 52 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్ ఉంటుంది, అంటే 41 గ్రాములు. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది 10 గ్రాములు. అంటే ఒక్క స్ట్రాంగ్ సీసా నాలుగు పెగ్గులతో సమానం. 7 శాతమే ఉందనుకున్నా మూడున్నర. లైటు సీసా కూడా దాదాపు రెండున్నర పెగ్గులు. ‘నేను మందు ముట్ట, రెండు బీర్లు తాగుతనంతే’ అనే పెద్దమనిషి నిజానికి ఎనిమిది పెగ్గులు తాగుతున్నాడు. ఆయన ముందు ఎనిమిది పెగ్గులు వరసగా పెడితే ఇంట్లో ఆడవాళ్లు ఊరుకుంటారా? బీరుకు మాత్రం మంచింగు వేయించి పెడతారు. మందు అనే మాటలోకి మనం బీరును రానివ్వకపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

ఈ లెక్క గని దాకా వెళ్తుంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాముల ఆల్కహాల్‌ను తొలగిస్తుంది. కాఫీ తాగినా, తలస్నానం చేసినా ఆ వేగం పెరగదు. రాత్రి పదింటికి మొదలుపెట్టి రెండు స్ట్రాంగ్ సీసాలు తాగితే, రక్తం శుభ్రపడేసరికి పొద్దున ఆరు దాటుతుంది, ఒక్కోసారి దాదాపు పది అవుతుంది. ఈలోగా మొదటి షిఫ్టుకు మస్టర్ పడిపోతుంది. మత్తులో గనిలోకి దిగడాన్ని నిబంధనలు ఒప్పుకోవు. కానీ తెల్లారి లేచి స్నానం చేసి, టిఫిన్ తిని బయల్దేరిన మనిషికి తాను మత్తులో ఉన్నానన్న అనుమానమే రాదు. డంపర్ నడిపేవాళ్లకూ, పైకప్పు కింద పనిచేసేవాళ్లకూ, వాళ్ల పక్కన నిలబడే తోటి కార్మికుడికీ ఈ కొన్ని గంటలే ముఖ్యం.

ఇక ఎండాకాలం సంగతి. రామగుండం ఎండ గురించి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ‘బీరు సలువ చేస్తది’ అన్న మాట ఓపెన్‌కాస్టుల్లో పనిచేసి వచ్చినవాళ్లు నమ్మకంగా చెబుతారు. చల్లగా ఉండేది సీసా మాత్రమే. నీటిని ఒంట్లో నిలిపి ఉంచే హార్మోన్‌ను ఆల్కహాల్ అణచేస్తుంది. అందుకే తాగిన కాసేపటికి మూత్రం ఎక్కువగా వస్తుంది, షిఫ్టులో చెమటగా పోయిన నీటికి తోడు ఇదీ పోతుంది. సింగరేణి వేసవిలో కార్మికులకు ఇచ్చేది మజ్జిగ, ఓఆర్‌ఎస్. కిడ్నీలో రాళ్లు బీరుతో కరుగుతాయనేదీ ఇలాంటి నమ్మకమే. మూత్రం ఎక్కువగా రావడమే కావాలంటే మంచినీళ్లున్నాయి. బీరు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది, గౌట్ ఉన్నవాళ్ల కాలి బొటనవేలిని అడిగితే చెబుతుంది.

2025 జనవరిలో బకాయిలు, ధరల గొడవతో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపినప్పుడు కింగ్‌ఫిషర్ దొరుకుతుందా లేదా అన్నదే చర్చ. ఫిబ్రవరిలో రేటు 15 శాతం పెరిగితే చర్చంతా రేటు మీదే. బ్రాండ్, ధర.. సీసా మీద అచ్చేసిన ఆ శాతం గురించి ఎవరూ మాట్లాడలేదు. బెంగళూరు బ్రూవరీల గురించి చెప్పే కొడుకు ఈ ఒక్క విషయంలో బాపుకు పనికొచ్చే మాట చెప్పగలడు, ‘ఆరోగ్యానికి మంచిది’ అన్నది వదిలేస్తే. సీసా తిప్పి చూడండి. మిల్లీలీటర్లను శాతంతో గుణించి, 100తో భాగించి, వచ్చినదాన్ని 0.8తో గుణిస్తే గ్రాములొస్తాయి. అదే లెక్క కొడుకు గ్లాసుకూ వేయాలి. 330 మిల్లీలీటర్ల 5 శాతం గ్లాసులో 13 గ్రాములుంటాయి. రకరకాలు రుచి చూస్తూ మూడు దాటితే అదీ బాపు సీసా దగ్గరికే వచ్చి ఆగుతుంది.

లాభాల వాటా, దీపావళి బోనస్ చేతికొచ్చే నెలల్లో ఈ లెక్క ఇంటి ఇల్లాలికీ తెలిసి ఉండటం మంచిది. షుగరుకు ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లు ఖాళీ కడుపున తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. తూలడం, మాట ముద్దగా రావడం చూసి మత్తేలే అనుకుని పడుకోబెడతారు. బీపీ, ఫ్యాటీ లివర్, కామెర్ల చరిత్ర ఉన్నవాళ్లకు లైటు కూడా లైటు కాదు.

ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు మాత్రం కోపంలోనో, ఒట్టు పెట్టుకునో ఒక్కసారిగా మానేయకూడదు. రెండు మూడు రోజుల్లో చేతుల వణుకు, నిద్ర లేకపోవడం, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలవ్వచ్చు. ముందే డాక్టర్‌ను కలిస్తే మందులతో సాఫీగా మాన్పిస్తారు. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఇంట్లోవాళ్లయినా ఫోన్ చేయవచ్చు.