తుఫాను కూడా శరదృతువు మాటే

జపాను వెళ్లి వచ్చారట, ఆ ముచ్చట్లు మన పత్రికలో రాయరా అని ఆదివారం ఆరాధన ముగిశాక గుడి బయట అడిగినవారు చాలామంది. ఏయే ఊళ్లు తిరిగామో అన్నీ రాస్తే పేజీలు చాలవు. ఒక్క నోటుపుస్తకం సంగతి మాత్రం రాస్తాము.

పోయిన నవంబరులో పందొమ్మిదిమందిమి కలిసి బయలుదేరాము. ఎక్కువమంది విశాఖ, విజయనగరం వారు. భోగాపురం నుండి మేమిద్దరం, మా వదినగారు. వదినగారి కొడుకు పట్టుబట్టి డబ్బు కట్టాడు గానీ ఆవిడకు ఇల్లు కదలడమే ఇష్టం లేదు. "ఎండిపోయిన ఆకులు సూడ్డానికి అంత దూరమేటి బాబూ, మన పెరట్లో లేవా?" అన్నారు. మాకూ జవాబు దొరకలేదు.

అక్కడి శరదృతువులో మోమిజి చెట్ల ఆకులు రాలేముందు ఎర్రబడతాయి. క్యోటోలో అది నవంబరు మధ్య నుండి నెలాఖరు దాకా బాగా కనిపిస్తుంది. టోఫుకుజి అనే బౌద్ధాలయంలో లోయ మీద కర్ర వంతెన ఉంది. దాని మీద నిలబడి కిందికి చూస్తే ఎర్రని దుప్పటి ఆరేసినట్టుంది. పెరళ్లలో కాకి పండ్లు వేలాడుతున్నాయి. పేరు విని నవ్వుకున్నాము. చూడడానికి టమాటాలా ఉంటుంది గానీ, మన కొండల్లో దొరికే తునికి పండుకు అది దాయాదేనట.

మా వెంట వచ్చిన గైడమ్మ జపాను ఆవిడే. మొదటి రోజు సాయంత్రమే అందరికీ ఒక నోటుపుస్తకం చూపించి, రోజుకొకరైనా ఇందులో హైకూ రాయాలన్నది. మూడే పాదాలు. జపాను భాషలో అయిదు, ఏడు, అయిదు చొప్పున పదిహేడు ధ్వనులుండాలి. మీ భాషలో ఆ లెక్క అక్కర్లేదన్నది. కానీ ఋతువును తెలిపే మాట ఒకటి ఉండాలి. తలచుకున్నది కాదు, కంటితో చూసినది రాయాలి. 1689లో బాషో అనే కవి శిష్యుడు సోరాతో కలిసి ఇలాగే రాసుకుంటూ ఉత్తర జపానంతా తిరిగాడట. వసంతం చివర బయలుదేరి శరదృతువుకు యాత్ర ముగించాడు, అదీ చాలావరకు కాలినడకన. మన తెలుగులోనూ కాకినాడ ఇస్మాయిల్ గారు, బి.వి.వి. ప్రసాద్ గారు హైకూలు రాశారని మా బృందంలోని మాస్టారు చెప్పారు.

మొదట మేమే రాశాము. సృష్టి ఎంత అద్భుతమో, సృష్టికర్త ఎంత గొప్పవాడో మూడు పాదాల్లో ఇమిడ్చాము. గైడమ్మ అర్థం అడిగి విని, తల ఊపి, "బాగుంది. మీరు చూసింది ఏ చెట్టు?" అన్నది. మేము నీళ్లు నమిలాము. ఇన్నేళ్లుగా ఈ శీర్షిక రాస్తున్న చెయ్యి ఇది! మాస్టారు మాత్రం చక్కగా రాశారు:

ఎర్రాకు ఒకటి
నా చెప్పు మీద వాలింది
నడక ఆపాను

విశాఖ నుండి వచ్చిన పదేళ్ల కుర్రాడు ఇలా రాశాడు:

చలి పొద్దున బుల్లెట్ రైలు
టీ చల్లారేలోగా
రెండు ఊళ్లు పోయాయి

వదినగారు ఆరు రోజులు పుస్తకం ముట్టలేదు. "నానేటి రాస్తాను, సంతకమే వంకర" అని పక్కవారికి తోసేసేవారు. ఏడో రోజు రైలు కిటికీలోంచి కోసేసిన వరిమళ్లు చూస్తూ, ఇక్కడా గాలివానలు వస్తాయా అని అడిగారు. మాస్టారు ఆ మాట ఇంగ్లీషులో చెప్పారు. వస్తాయి, తుఫాను అన్నది మా హైకూల్లో శరదృతువు మాటే, ఎర్రాకుల్లాగే, అన్నది గైడమ్మ. వదినగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "బాబూ, నాను సెప్తాను, నువ్వు రాయి" అన్నారు.

తుఫాను పోయాక
చెట్లు లెక్కపెడుతూ ఆయన
అన్నానికి రాలేదు

పాఠకులలో చాలామందికి హుద్‌హుద్ గుర్తుండే ఉంటుంది. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలికి మా అన్నగారి కొబ్బరితోట పడిపోయింది. మర్నాడు పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఆయన పడిన చెట్ల మధ్యనే తిరిగారు. మరుసటి ఏడాది ప్రభువు నందు నిద్రించారు. ఈ పదేళ్లలో వదినగారు ఆ రోజు గురించి మాతో ఒక్క మాటైనా చెప్పలేదు. మేమూ అడగలేదు. దుఃఖాన్ని రేపడమెందుకనుకున్నాము, నిజం చెప్పాలంటే, వినే ధైర్యం మాకే లేదు.

మాస్టారు అర్థం చెప్పాక గైడమ్మ నవ్వలేదు, బాగుందనీ అనలేదు. ఎన్ని చెట్లు అని మాత్రం అడిగింది.

"నలభై మూడు" అన్నారు వదినగారు వెంటనే. "ఆయన నలభై నాలుగన్నారు. ఒకటి వొంగింది గానీ పడలేదు. ఆయన సూసుకోలేదు."

గైడమ్మ ఆ పేజీలోనే, మా తెలుగు అక్షరాల పక్కన, పై నుండి కిందికి జపాను లిపిలో అదే హైకూ రాసి ఇచ్చింది. ఆ కాగితం ఇప్పుడు అన్నగారి ఫోటో కింద ఉంది. మొన్న వెళితే వదినగారు ఆ వొంగిన చెట్టు కాయలు రెండు మా సంచిలో వేశారు.