పంపే ముందు పేరు చదవండి

అండమాన్‌లోని జంగ్లీఘాట్ బజారులో చేపలమ్మే మా పక్కింటమ్మాయి ఒక రాత్రి ఫోను పట్టుకుని వచ్చింది. షేర్ల యాప్‌లో తను వేసిన రెండు లక్షలు పదకొండు లక్షలైనట్టు కనిపిస్తోంది. "తీసుకుంటానంటే ముందు పన్ను కట్టమంటన్నారు బాబూ. లక్ష కావాలి, సర్దుతావేటి?" అంది.

బ్యాంకు కౌంటరులో ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి. యాప్ సంగతి అడగలేదు, డబ్బు ఎవరికి పంపావో చూపించమన్నాను. అయిదు సార్లు పంపింది, అయిదూ వేర్వేరు పేర్లు. ఒకటి బట్టల కొట్టు, ఒకటి ట్రావెల్స్, మిగతావి మనుషుల పేర్లు. బ్రోకరు పేరు ఎక్కడా లేదు. పిన్ నొక్కే ముందు ఆ పేరు ప్రతిసారీ తెర మీద కనబడే ఉంటుంది.

తనను చేర్చుకున్న షేర్ల గ్రూపులో, షేర్ల మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ సర్టిఫికెట్ కూడా పంపారట. అందులోని నంబరు నిజమైన బ్రోకరుదే కావచ్చు, కాగితాన్ని ఎవరైనా కాపీ కొడతారు. ఖాతా పేరుతో ఆ ఆట అంత తేలిగ్గా సాగదు. 2025 అక్టోబరు 1 నుంచి నమోదైన బ్రోకర్లకు, మ్యూచువల్ ఫండ్లకు సెబీ వేరే యూపీఐ ఐడీలు పెట్టించింది. వాటిలో ఇంగ్లీషులో 'వ్యాలిడ్' అన్న మాట ఉంటుంది, చెల్లించేటప్పుడు పచ్చని త్రికోణంలో బొటనవేలి గుర్తు కనిపిస్తుంది. బ్యాంకు ఖాతాకు పంపేటట్టయితే 'సెబీ చెక్' అనే సెబీ సదుపాయంలో ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఇక పన్నంటారా, లాభం మీద పన్ను మనమే ఆదాయపు పన్ను శాఖకు కడతాం. మన సొమ్ము మనకివ్వడానికి ముందుగా పన్ను తెమ్మనే బ్రోకరు ఉండడు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చాకే మా దీవుల్లో నెట్ పరుగందుకుంది. ఏళ్ల తరబడి ఎదురుచూసిన వేగం అది, దాని వెంటే ఇలాంటి మోసాలూ వచ్చాయి. అగ్రిగోల్డ్‌లో 32 లక్షల మంది 6,380 కోట్లు డిపాజిట్లుగా పోసి మోసపోయిన రోజుల్లో ఏజెంటు మన వీధివాడే. వెళ్లి నిలదీయడానికి ఒక గడప ఉండేది. ఈ యాప్‌కు గడప లేదు. గ్రూపులో రోజూ లాభాల ఫొటోలు పెట్టే రెండు వందల మందిలో ఒక్కరి ముఖమూ ఆమె చూడలేదు.

అప్పటికప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించాను. "ఊళ్లో తెలిస్తే పరువు పోతాది" అని ముందు ఒప్పుకోలేదు. డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే చెబితేనే బ్యాంకులు ఆపగలవు. ఆ మధ్యాహ్నం ఫీజు పేరుతో పంపిన నలభై వేలు ఆగాయి. మిగతావి ఎప్పుడో దాటిపోయాయి. ఎనిమిది రోజులుగా అనుమానం ఉందట, నోరు విప్పలేదు. మోసపోయినవాళ్లను తెలివితక్కువవాళ్లనే మనందరికీ ఆ మౌనంలో పాలుంది. 1930 అన్న అంకెలను చేపల రేవులో, విశాఖ ఓడ ఎక్కే చోట, తెలుగులో, బెంగాలీలో, తమిళంలో పెద్ద అక్షరాలతో రాయించమని దీవుల పాలకులను అడుగుతున్నాను.

తెల్లారి చేపల వేలానికి ముందే ఆమె వాళ్లక్క ఇంటికి వెళ్లింది. అక్కను ఆ గ్రూపులో చేర్చింది తనే.