టూర్ క్యాన్సిల్ చేస్తే ఎవరికి బుద్ధి చెప్పినట్టు?

2024 జనవరిలో ప్రధాని మోదీ లక్షద్వీప్ ఫోటోలు పెట్టారు. మాల్దీవుల ఉపమంత్రులు ముగ్గురు నోటికొచ్చింది కూశారు. అక్కడి ప్రభుత్వం వాళ్లను సస్పెండ్ చేసింది. మాజీ అధ్యక్షులు నషీద్, సోలిహ్ ఆ మాటలను బహిరంగంగానే ఖండించారు. అయినా 'బాయ్‌కాట్ మాల్దీవ్స్' లొల్లి ఆగలేదు. క్యాన్సిల్ చేసిన టికెట్ల స్క్రీన్‌షాట్లు దేశభక్తికి సర్టిఫికెట్లయ్యాయి.

ఎవరి సెలవులు, ఎవరి డబ్బులు వాళ్లిష్టం. కానీ ఇది పోరాటమే అయితే, ఏం సాధించిందో అడగాలి కదా?

2023లో మాల్దీవులకు వెళ్లిన వాళ్లలో మనవాళ్లదే మొదటి స్థానం, రెండు లక్షల పైచిలుకు. 2024లో ఆ సంఖ్య లక్షా ముప్పై వేల దగ్గరికి పడిపోయింది. దెబ్బ తగిలిన మాట నిజమే. కానీ అదే ఏడాది ఆ దేశానికి వచ్చిన మొత్తం టూరిస్టులు ఇరవై లక్షలు దాటారు. మనం ఖాళీ చేసిన మొదటి స్థానంలోకి చైనా వచ్చి కూర్చుంది. జనవరిలోనే బీజింగ్ వెళ్లిన అధ్యక్షుడు ముయిజ్జు, మీ టూరిస్టులను ఇంకా పంపండని అడిగాడు. మన సైనికులు వెళ్లిపోవాలన్న ఆయన పంతం కూడా మే నెలలో నెరవేరింది. అంటే మన కోపం ఎవరి మీదనో ఆయనకు పోయిందేమీ లేదు. పోయింది చిన్న దీవిలో గెస్ట్‌హౌస్ నడుపుకునే కుటుంబానికి, పడవ నడిపే కూలీకి. ఉపమంత్రి కూతతో వాళ్లకేం సంబంధం?

మాల్దీవులు కాకపోతే లక్షద్వీప్ అన్నారు. జనం ఉండేది పది దీవుల్లో, 2011 లెక్కల ప్రకారం అరవై నాలుగు వేల మంది. ఒక్క అగత్తిలోనే విమానాశ్రయం. బయటివాళ్లు పోవాలంటే పర్మిట్ కావాలి. మంచినీళ్లకే కటకట. మన పంతం కోసం అక్కడికి జనాన్ని తోలితే ఆ దీవులు మోయగలవా? అక్కడి వాళ్లను ఎవరైనా అడిగారా?

బహిష్కరణ అంటే ఏమిటో తెలంగాణ వాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. దానికో డిమాండ్ ఉంది. అడిగేది ఎవరినో స్పష్టంగా ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, సమ్మె చేసినవాళ్లే జీతాలు వదులుకున్నారు. ఈ ఆన్‌లైన్ బహిష్కరణకు డిమాండ్ లేదు, ముగింపు లేదు. నష్టం మాత్రం పక్కవాడిది.

ఇక ప్రభుత్వాలు? అదే ఏడాది అక్టోబర్‌లో ముయిజ్జు ఢిల్లీ వచ్చారు. 2025 జూలైలో మోదీ మాలే వెళ్లి వాళ్ల స్వాతంత్ర్య దినోత్సవంలో అతిథిగా కూర్చున్నారు. నాయకులు కరచాలనం చేసుకున్నారు. మనకు మిగిలింది స్క్రీన్‌షాట్లు.

పక్క దేశంతో పేచీ రేపు మరొకటి వస్తుంది. అప్పుడు కూడా టూర్ మార్చుకోవచ్చు, తప్పులేదు. కానీ మార్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం: ఎవరిని అడుగుతున్నాం? ఏం అడుగుతున్నాం? అది దొరికితే ఆపుతామా? జవాబు లేకపోతే అది పోరాటం కాదు, ఉత్త కోపం.